సగం చుట్టు

3, సోమవారం

మాట్లాడటానికి మనిషి లేక రాస్తున్నాను, అంతే. ఇదేదో పెద్ద అలవాటు చేసుకుందామని కాదు.

బావను ఆసుపత్రి నుంచి తిన్నగా అవతలి ఒడ్డుకి, మేనకోడలింటికి తీసుకెళ్లిపోయారు. అక్క కూడా అక్కడే. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఇల్లు మొత్తం నాకు వదిలేశారు. పొద్దున్న అలవాటుకొద్దీ రెండు గ్లాసుల్లో టీ పోశాను. రెండోదాన్ని చూస్తూ కాసేపు నిలబడ్డాను. పారబోయడానికి మనసొప్పక అదీ నేనే తాగాను.

రేపట్నుంచి జనాన్ని ఏరు దాటించే మా లాంచీ మళ్లీ తిప్పాలి. ఇన్నేళ్లూ నేను పైన చుక్కాని దగ్గర, బావ కింద ఇంజన్ దగ్గర. ఇంజన్ గదిలో చెయ్యి పెట్టానో, నెత్తిన మొట్టికాయ పడేది. యాభై దాటినవాడినని కూడా చూసేవాడు కాదు. "నీ పని ఒడ్డు చూసుకోవడం బామ్మర్దీ, కిందకి దిగావంటే ఊరుకోను" అనేవాడు. సరే, ఇవాళ దిగాను. ఎవరాపుతారు?

ఎంత మురికో చెప్పలేను. నూనె తుడిచిన చింపిరి బనీన్లు ఒక మూట అయ్యాయి. ఒక్క రోజులో గదిని అద్దంలా చేసి పెట్టాను. నేల కడిగాను, గొట్టాలు తుడిచాను, డీజిల్ ట్యాంకు మూతకి కొత్త రబ్బరు వాషర్ వేసి గట్టిగా బిగించాను. బావ ఆ మూతని ఏనాడూ సరిగ్గా బిగించిన పాపాన పోలేదు. ఊడిపోకుండా ఓ తాడు ముక్క కట్టి వదిలేసేవాడు. అందుకే లాంచీ అంతా డీజిల్ కంపు. రోజూ బడికి వెళ్లే టీచరమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే ఎక్కుతుంది. నాతో ఎన్నిసార్లు చెప్పిందో, నేను బావకి ఎన్నిసార్లు చెప్పానో. వింటేగా!

4, మంగళవారం

"ఇవాళ కంపు లేదండీ, ప్రాణం హాయిగా ఉంది" అంది టీచరమ్మ. బావ ఉండి ఉంటే విని ఉండేవాడు. లేడు కాబట్టి నేనొక్కడినే విన్నాను.

సాయంత్రం చివరి ట్రిప్పులో ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఒడ్డు దగ్గర్లోనే ఉంది కాబట్టి గెడ వేసి నెట్టుకొచ్చాను. మళ్లీ తాళం తిప్పితే గుర్రుమంటుందే గానీ అంటుకోదు.

5, బుధవారం

పొద్దున్న మొండికేసింది. ఎండెక్కాక ఏమనుకుందో, స్టార్టయింది.

6, గురువారం

బ్యాటరీ అనుకున్నాను. తీగల చివర్లు గీకి, శుభ్రంగా బిగించి, తాళం తిప్పాను. గుర్రు, గుర్రు, అంతే. దీని దుంపతెగ! టీచరమ్మ గడియారం చూసుకుంటూ నిలబడింది, జనం ఒక్కొక్కరే పక్క రేవు లాంచీకి జారుకున్నారు.

తర్వాత ఫిల్టర్ అనుకున్నాను. కొత్తది వేసి, ట్యాంకులో డీజిల్ ఎంతుందో కొలబద్ద ముంచి చూసి, మూత పెట్టి తాళం తిప్పాను. ఒక్క దెబ్బకే అంటుకుంది. ఫిల్టరే! నాకు నేనే భుజం తట్టుకున్నాను.

అక్క ఫోన్ చేసింది. ఇంజన్ మొండికేస్తోందని, ఇప్పుడు ఫిల్టర్ మార్చానని మొత్తం చెప్పాను. "మీ బావ పక్కనే ఉన్నార్రా. ఫోన్ గట్టిగా పెట్టాను, అన్నీ విన్నారు. నువ్వెప్పుడొస్తావ్?" అని అడిగింది.

ఇంజన్ కుదుటపడ్డాక వస్తానన్నాను.

7, శుక్రవారం

ఫిల్టర్ కాదు.

10, సోమవారం

చిటికె వచ్చాడు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ మెషీన్ చూపించినా వేళ్లతో చిటికె వేసి "ఎంతసేపూ?" అంటాడు, అందుకని ఆ పేరు. పొద్దున్నుంచీ అంటుకోని ఇంజన్. అతను వచ్చి, ట్యాంకు మూత విప్పి, డీజిల్ వాసన చూసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, "నీళ్లేం కలవలేదు" అని మూత పెట్టాడు. తాళం తిప్పమన్నాడు. తిప్పాను. పాడు ఇంజన్, కొత్త అల్లుడిని చూసినట్టు వినయంగా స్టార్టయింది.

"దీనికేమైందన్నా? బ్రహ్మాండంగా ఉంది."

"నిన్న నడి నీళ్లలో ఆగిందయ్యా."

"నీకు అలవాటు లేదుగా. మీ బావ చెయ్యి వేరు." చిటికె వేసి వెళ్లిపోయాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు లాంచీలో తిరిగి తాళం తిప్పడం రాదా నాకు?

సాయంత్రం అక్క ఫోన్. బావ ఎడమచెయ్యి ఎత్తి గాల్లో ఏదో తిప్పుతున్నాడట. గురువారం నుంచి ఒకటే వరస. అన్నం పెట్టినా తిప్పుతాడు, పడుకోబెట్టినా తిప్పుతాడు. మేనకోడలు నీళ్ల సీసా మూత తీయమంటున్నాడనుకుని నీళ్లు పడుతోంది. తాగడు, మూతి బిగిస్తాడు. అక్క ఫ్యాను తగ్గించి చూసింది, పెంచి చూసింది. డాక్టరేమో, పట్టించుకోకండి, అలవాటుకొద్దీ చెయ్యి కదులుతోంది అన్నాడట.

"నీకైతే తెలుస్తుందిరా. ఒక్కసారి రారా తమ్ముడూ" అంది.

ఆ ఒడ్డుకి లాంచీలో అయితే నిమిషాల పని. లాంచీ చూస్తే ఇలా ఉంది. బస్సులో వెళ్లాలంటే వంతెన మీదుగా ఊరంతా తిరగాలి. ఇంజన్ బాగయ్యాక వెళ్తాను.

11, మంగళవారం

ఆగింది. స్టార్టయింది. ఆగింది.

13, గురువారం

గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది. నట్టు వదులు చేసి, చేతిపంపు కొట్టి గాలంతా తీశాను. డీజిల్ నా మొహం నిండా చిమ్మింది. ఒలికినదానికి బదులు ట్యాంకులో మళ్లీ కాస్త పోశాను. ఆ తర్వాత రెండు ట్రిప్పులు పువ్వులా తిరిగింది. మూడో ట్రిప్పులో జనంతో సహా నడి నీళ్లలో ఆగింది. ఒక పసిపిల్ల ఏడుపందుకుంది. వాళ్లమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా కళ్లముందే ఉంది. పక్క రేవు వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఆ తాడు కట్టిన కుర్రాడి ముందు తలెత్తలేకపోయాను.

కింద కూర్చుని ఇంజన్ని తిట్టాను. తిట్లు అయిపోయాక బావని తిట్టాను. ఇన్నేళ్లలో ఒక్కనాడైనా పక్కన కూర్చోబెట్టుకుని ఇదిరా సంగతి అని చెప్పాడా? మొట్టికాయలు వేయడం ఒక్కటే తెలుసు మహానుభావుడికి. నువ్వు లేకపోతే ఇది కదలదని నాకు తెలియాలనే కదా బావా! తెలిసిందిలే.

ఇంట్లో ఎంత నిశ్శబ్దమంటే, ఫ్రిజ్ ఆగినప్పుడు తలెత్తి చూస్తున్నాను. బావకి కూనిరాగాలు తీసే జబ్బు. ఒక్క రాగమూ ఒక కొలిక్కి రాదు. "ఆపు బావా, చెవులు చిల్లులు పడుతున్నాయి" అని రోజూ అనేవాడిని.

14, శుక్రవారం

అక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు. చేతులకి నూనె ఉంది.

చేతులు కడుక్కున్నాక కూడా చేయలేదు. ఏం చెప్పాలి? ఇంకా బాగవలేదనే కదా.

15, శనివారం

మేనకోడలు చేసింది. ఈసారి ఎత్తాను.

"మామయ్యా, నిజం చెప్పు. ఇంజన్ వల్లే రావట్లేదా?"

"మరి?"

"బస్సులు తిరుగుతున్నాయి కదా."

ఈ పిల్ల చిన్నప్పుడు నా భుజాల మీద ఊరేగింది. ఇప్పుడు నన్ను నిలదీస్తోంది. ఆదివారం వస్తానన్నాను. నాకు భయమేం లేదు. మనిషి బతికే ఉన్నాడు, చూడటానికి భయమెందుకు?

16, ఆదివారం

వెళ్లొచ్చాను.

వాళ్ల వీధి మలుపు దగ్గర పళ్ల కొట్లో చాలాసేపు నిలబడ్డాను. ఏ పళ్లు కావాలని కొట్టతను రెండుసార్లు అడిగాడు. చివరికి అరటిపళ్లు కొన్నాను. నమలడానికి తేలిగ్గా ఉంటాయని.

కిటికీ పక్కన మంచం వేశారు. అక్కణ్ణుంచి రేవు కనపడదు గానీ చప్పుళ్లు వినిపిస్తాయి. బావ సగానికి సగం అయిపోయాడు. మూతి ఒక పక్కకి జారింది. తల దువ్వి, పౌడర్ రాసి, బొత్తాలన్నీ పెట్టి కూర్చోబెట్టారు. మెడ బొత్తాం పెట్టుకున్న బావని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఇదుగో, ఎవరొచ్చారో చూడండి" అంది అక్క.

చూశాడు. మనిషిలో కదలిక వచ్చింది. ఎడమచెయ్యి ఎత్తి, బొటనవేలూ రెండు వేళ్లూ కలిపి, ఎడమవైపుకి ఓ చిన్న తిప్పు తిప్పాడు. ఆపాడు. మళ్లీ తిప్పాడు. గొంతులోంచి ఏదో శబ్దం కూడా వచ్చింది, మాట కాదు. కళ్లు మాత్రం నా మొహం మీద నుంచి తీయలేదు.

నేను మంచం దగ్గరికి జరిగాను. అక్కా మేనకోడలూ నా వైపే చూస్తున్నారు, ఇప్పుడు చెప్తాడు చూడు అన్నట్టు. అప్పుడు తట్టింది. లాంచీ తాళం! తాళం కుడివైపు తిప్పితే ఇంజన్ అంటుకుంటుంది, ఎడమవైపు తిప్పితే ఆగుతుంది.

"ఆపెయ్యమంటున్నాడక్కా. లాంచీ ఇక చాలు, కట్టెయ్యమంటున్నాడు."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నేను బావ చెయ్యి పట్టుకుని, "అలాగే బావా. ఆపేస్తాను. నువ్వు బెంగపెట్టుకోకు" అన్నాను.

చెయ్యి నా చేతిలోంచి లాక్కున్నాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఎడమ కంట్లోంచి నీళ్లు దిండు మీదకి కారాయి. పాపం, కష్టంగానే ఉంటుంది మరి. తన చేత్తో పెంచిన ఇంజన్.

అరటిపండు ఒలిచి పెట్టబోతే నోరు తెరవలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఏమీ చూడలేదు.

17, సోమవారం

లాంచీ తీయలేదు. రేవు గేటుకి "నేడు లేదు" బోర్డు పెట్టాను.

18, మంగళవారం

బోర్డు తీయలేదు.

20, గురువారం

దిగువ రేవులో పాత సామాన్ల వ్యాపారి ఉన్నాడు. పడవలు కొని, ఇంజన్ ఊడదీసి, చెక్క వేరుగా ఇనుము వేరుగా అమ్ముకుంటాడు. మాట్లాడాను. ఆదివారం తెచ్చి కట్టెయ్యమన్నాడు. "నడిచే ఇంజనేనా?" అని అడిగాడు. ఒక్కోసారి అన్నాను. నవ్వాడు.

అక్కకి చెప్తే, "మీ బావ అదే కోరారంటే కానివ్వు" అంది. బావ ఎలా ఉన్నాడని అడిగాను. ఆదివారం నుంచి చెయ్యి తిప్పడం ఎక్కువైందట. అన్నం సరిగ్గా తినడం లేదట. రాత్రిళ్లు నిద్రలో కూడా వేళ్లు ఆడుతున్నాయట.

ఒప్పుకున్నాను కదా, ఇంకెందుకు మరి? త్వరగా ఆపమనేమో. ఆపుతున్నాను కదా బావా.

22, శనివారం

లాంచీలో మా సామాన్లు తెచ్చేసుకున్నాను. నా గొడుగు, బావ కళ్లజోడు, సగం అరిగిన సబ్బు, టీ ఫ్లాస్కు. ఇంజన్ గదిలో మేకుకి ఆ తాడు ముక్క వేలాడుతోంది, మూతకి కట్టేది. అదెందుకులే అనుకుని, మళ్లీ వెనక్కి వెళ్లి జేబులో వేసుకున్నాను.

టీచరమ్మ గేటు దగ్గర కనపడింది. "నిజంగానే ఆపేస్తున్నారా? మీ ఇద్దరి గొడవ వింటూ దాటడం అలవాటైపోయిందండీ. పైనుంచి మీరూ, కింద నుంచి ఆయనా. ఇవతలి ఒడ్డున ఒక మాట మొదలైతే అవతలి ఒడ్డుకి గానీ తెమిలేది కాదు."

నిజానికి ఎప్పుడూ తెమలలేదు. మర్నాడు మళ్లీ అక్కణ్ణుంచే అందుకునేవాళ్లం.

23, ఆదివారం

ఇవాళ్టిది అంతా రాయాలి.

పొద్దున్న ఎండ బాగా కాసింది, ఇంజన్ మారు మాట్లాడకుండా అంటుకుంది. అమ్మేసే రోజున ఎంత బుద్ధిగా ఉందో చూడండి అనుకున్నాను. ఎవరితో అన్నానో మరి. రేవు దాటి దిగువకి మళ్లించాను. జనం లేరు, బల్లలన్నీ ఖాళీ. అలవాటుకొద్దీ కిందకి చూసి, "ఏం బావా, చివరిసారి ఓ రాగం తియ్యవా?" అన్నాను. ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏడ్చాను. ఎవరున్నారు గనక చూడటానికి? చుక్కాని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మలుపు దగ్గర ఇంజన్ దగ్గింది. ఆగింది.

అంత కోపం నాకెప్పుడూ రాలేదు. చచ్చేరోజున కూడా నన్ను ఏడిపించాలా అని లంగరు వేసి కిందకి దిగాను. తాళం తిప్పాను, గుర్రు. మళ్లీ తిప్పాను, గుర్రు. ఆ వ్యాపారి డీజిల్ ఎంతుందని ఎలాగూ అడుగుతాడు, ఈలోగా అదైనా చూద్దామని ట్యాంకు దగ్గర వంగి, మూత మీద వేళ్లు వేశాను. బొటనవేలూ, రెండు వేళ్లూ. గట్టిగా బిగించింది నేనే కదా, ఓ పట్టాన రాలేదు. బలంగా ఎడమవైపు తిప్పాను. సగం చుట్టు తిరిగింది.

శ్ శ్ శ్ మని లోపలికి గాలి లాక్కుంది.

అలాగే ఉండిపోయాను. నా చెయ్యి మూత మీదే ఉంది. ఆ వేళ్లని చూశాను. ఆ వేళ్లు నావి కావు. పదహారో తారీఖున కిటికీ పక్కన మంచం మీద చూసిన వేళ్లు అవి.

ట్యాంకు పైన చిన్న గాలి గొట్టం ఉంది. తీగ దూర్చి చూస్తే మట్టి రాలింది, కుమ్మరి పురుగు గూడు. ఎన్నేళ్ల కిందటిదో, రాయిలా గట్టిపడిపోయింది. ఇన్నేళ్లుగా ట్యాంకులోకి గాలి వెళ్లేది ఆ మూత సందులోంచే. గాలి వెళ్లకపోతే డీజిల్ దిగదు. నేను కొలబద్ద ముంచిన రోజున మూత తీశాను, నడిచింది. డీజిల్ పోసిన రోజున తీశాను, నడిచింది. చిటికె వాసన చూసిన రోజునా అంతే. ఎండకి లోపలి గాలి ఉబ్బిన రోజున అదే నడిచింది. ఫిల్టరట, బ్యాటరీ అట! నా తలకాయ. బావ ఆ గూడు తీసి పారేయొచ్చు. తియ్యడు. మూత సగం చుట్టు వదిలి, తాడు కట్టి, పని అయిపోయిందనుకునే రకం. మనిషి ఎప్పుడూ అంతే.

గురువారం నాడు ఫోన్లో ఇంజన్ సంగతి విన్నాడు. విన్న క్షణమే రోగం కనిపెట్టేశాడు. అప్పట్నుంచీ చెప్తున్నాడు. చెయ్యి నొప్పి పుట్టేలా చెప్తున్నాడు. వాళ్లు నీళ్లు పట్టారు, ఫ్యాను తిప్పారు. నేనేమో, ఆపేస్తాను బావా అన్నాను.

జేబులోంచి తాడు ముక్క తీసి మూతకి కట్టాను. తాళం తిప్పాను. ఒక్క తాళానికి అంటుకుంది. వ్యాపారి రేవు దిగువన ఉంది. నేను చుక్కాని అవతలి ఒడ్డుకి తిప్పాను.

అక్కడి రేవులో లాంచీ కట్టి, ఇంజన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ ఆపి మళ్లీ చేశాను. రేవులో జనం పిచ్చివాడిని చూసినట్టు చూశారు. చూడనీ. కిటికీ తెరిచే ఉంటుందని నాకు తెలుసు.

మేనకోడలిల్లు చేరేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. "ఒరేయ్, ఏం చేశావురా? నీ లాంచీ చప్పుడు వినగానే చెయ్యి దించేశారు. ఇన్నాళ్లకి ఇప్పుడు దించారు!"

బావ చెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. నేను మంచం అంచున కూర్చున్నాను. చెప్పుకోవాల్సినవి కొండంత ఉన్నాయి.

"మూత కదూ బావా?" అన్నాను.

సగం మూతి కదిలింది. నవ్వు. ఎడమచెయ్యి మెల్లగా లేచింది. మళ్లీ తిప్పుతాడేమో అనుకున్నాను. తిప్పలేదు. వేళ్లు ముడిచాడు. ముడవడానికి చాలాసేపు పట్టింది. నాకర్థమై తల వంచాను, అందేలా ఇంకా వంచాను.

మొట్టికాయ వేశాడు. నొప్పెట్టలేదు. ఒకప్పుడు కళ్లు చెమర్చేలా తగిలేది. ఇవాళ పిట్ట వాలినట్టు కూడా లేదు. అది తట్టుకోలేక ఆయన ఒళ్లో మొహం పెట్టేశాను.

24, సోమవారం

"నేడు లేదు" బోర్డు తీసేశాను. మొదటి తాళానికే స్టార్టయింది.

గాలి గొట్టంలో మట్టి మొత్తం తీసేస్తే మూత బిగించుకోవచ్చని చిటికె అన్నాడు. ఉండనీలే అన్నాను.

టీచరమ్మ ఎక్కుతూనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "మళ్లీ మొదలైందా అండీ కంపు?" అంది. అవునండీ అన్నాను. నవ్వి, తన బల్ల మీద కూర్చుంది.

దారిలో ఒకసారి కిందకి చూసి, "రాగం ఆపు బావా" అన్నాను. కింద ఎవరూ లేరు. ఆఖరి ట్రిప్పు అయ్యాక అవతలి ఒడ్డునే లాంచీ కట్టి వాళ్లింటికి వెళ్లాను. పొద్దున బావతో గొడవ ఎక్కడ ఆపానో అక్కణ్ణుంచి అందుకున్నాను.